కొలిమి దగ్గరకు పంపే ముందు



పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మా ఇంటి అరుగు మీద పరచిన చాప ఎత్తే పని ఉండదు. ఒకరు లేవగానే మరొకరు వచ్చి కూర్చుంటారు. "అయ్యగారూ, మావాడికి ఏ చదువు పెట్టమంటారు?" అన్నదే అందరి ప్రశ్న. ఈ ఏడు అలా వచ్చినవారిలో మా సంఘమునకు చెందిన భార్యాభర్తలు ఉన్నారు. ఇద్దరూ వ్యవసాయ కూలి పనులు చేసుకొని బ్రతికేవారు. వారి వెనుకే కొడుకు తల వంచుకొని నిలబడ్డాడు. కుర్రవాడు పది పాసయ్యాడు. మార్కులు మరీ ఎక్కువా కావు, తక్కువా కావు.

తండ్రి కోరిక ఒకటి, కొడుకు కోరిక ఒకటి. ఇంటర్‌లో చేర్చి, అటుపైన ఇంజనీరింగు చదివించాలని తండ్రి ఆశ. కుర్రవాడికి మాత్రం వెల్డింగు నేర్చుకోవాలని ఉంది. వేసవి సెలవుల్లో మెయిన్ రోడ్డు మీద ట్రాక్టర్ ట్రక్కులు కట్టే షాపులో సామాను అందించడానికి వెళ్లి, ఆ పని మీద మనసు పెట్టుకున్నాడు.

"మేము ఎండలో మాడి వీడిని చదివించింది మళ్లీ మంట దగ్గర కూర్చోబెట్టడానికా అండీ? ఫెయిలయినోళ్లు పోతారు ఐటిఐకి. మావాడు పాసయ్యాడు" అన్నాడు తండ్రి. తల్లి ఏమీ మాట్లాడలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ మాట మాకు గుచ్చుకుంది. ఎందుకంటే కొన్నేళ్ల క్రితం మేము కూడా అదే మాట నమ్మినవారమే. దాని ఫలితం మరొక కుటుంబము అనుభవించింది. ఆ సంగతి ఈ నెల మీ ముందు దాచకుండా చెప్పుకుంటున్నాము.

అప్పట్లో మా సంఘములో ఒక విధవరాలి కుమారుడు లెక్కల్లో తప్పాడు. తల్లి మా దగ్గరకు వచ్చి ఏడ్చింది. చదువు అబ్బలేదు గనుక ఏదో ఒక చేతిపనిలో పెడితే సరిపోతుందని మేము అనుకున్నాము. పట్నంలో ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ ఉంది. ఫీజు తక్కువ, బస్సు దాని గుమ్మం ముందే ఆగుతుంది. ఈ రెండూ చూసి మేము సిఫారసు ఉత్తరం వ్రాసి ఇచ్చాము. ఆ సంస్థ వర్క్‌షాపులో ఒక్కసారైనా అడుగు పెట్టలేదు.

ఏడాది తరువాత ఆ పిల్లవాడు సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. విశాఖపట్నంలో ఒక కంపెనీవారు పరీక్షకు పిలిచారు. రెండు ఇనుప పలకలు ఇచ్చి, వాటిని నిలువుగా నిలబెట్టి అతుకు వేయమన్నారు. కరిగిన లోహం కన్నీళ్లలా కిందికి కారిపోయింది. అరగంటలో వెనక్కు పంపించారు. తరువాత ఎవరో ఏజెంటు మాట నమ్మి, తల్లి ఇల్లు తాకట్టు పెట్టి గల్ఫుకు పంపింది. కాగితం మీద వెల్డరు. అక్కడ చేసింది సామాను మోసే పని. మూడేళ్ల జీతం అప్పుకే సరిపోయింది. తిరిగి వచ్చినప్పుడు అతడు మాతో అన్న మాట నేటికీ చెవుల్లో ఉంది: "అయ్యగారూ, నా దగ్గర కాగితం ఉందండి. చెయ్యి లేదు."

ఆ తల్లిని, ఆ బిడ్డను మేము క్షమాపణ అడిగాము. వారు క్షమించారు. అయితే ఒక పాఠం మాకు మిగిలింది. చేతిపని చదువు రానివారికి వేసే శిక్ష అనుకుంటే, ఆ పని నేర్పే చోటును చూడాలన్న శ్రద్ధ మనకు కలగదు. కాలేజీలో చేర్చేటప్పుడు పదిమందిని అడుగుతాము. ఐటిఐ అనేసరికి ఒక్కరినీ అడగము.

పరిశుద్ధ గ్రంథము చేతిపనిని అలా చూడలేదు. ప్రత్యక్షగుడారము కట్టించవలసి వచ్చినప్పుడు దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి, బంగారు, వెండి, ఇత్తడి పనులు చేయుటకు తన ఆత్మతో నింపినట్లు నిర్గమకాండము 31వ అధ్యాయములో చదువుతాము. సమూయేలు మొదటి గ్రంథము 13వ అధ్యాయము చివరలో మరొక సంగతి ఉంది. మనము ప్రసంగాల్లో దానిని ఎక్కువగా ముట్టుకోము. ఇశ్రాయేలు దేశమంతటిలో ఆ దినాల్లో ఒక్క కమ్మరి లేడు. ఫిలిష్తీయులు ఉండనివ్వలేదు. నాగలి కర్రుకు, గొడ్డలికి పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరకు వెళ్లవలసి వచ్చేది. యుద్ధం నాటికి సౌలుకు, యోనాతానుకు తప్ప ప్రజల చేతిలో కత్తి గాని ఈటె గాని లేదు. ఇనుము పని తెలిసినవాడు లేని జనము ఎంత బలహీనమవుతుందో చూడండి.

ఈసారి మేము తొందరపడి సలహా చెప్పలేదు. ఆ రాత్రి, మేము అన్యాయం చేసిన ఆ పాత కుర్రవాడికే ఫోను చేశాము. అతడు గల్ఫు నుండి వచ్చాక మళ్లీ మొదటి నుండి పని నేర్చుకున్నాడు. ఇప్పుడు విశాఖలో ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరుగా ఉన్నాడు. "ఏ బడికి వెళ్లినా బోర్డు చూడవద్దని చెప్పండి అయ్యగారూ. రాడ్లు లెక్కపెట్టమనండి" అన్నాడు.

దాని అర్థం మరునాడు మాకు తెలిసింది. ఆ తండ్రి, కొడుకు, మేము, ముగ్గురము బస్సెక్కి రెండు సంస్థలు చూసి వచ్చాము.

మొదటి చోట భవనానికి కొత్త రంగులు వేశారు. ఆఫీసులో చల్లగా ఉంది. వర్క్‌షాపు చూస్తామంటే తాళం చెవి కోసం పావుగంట వెతికారు. లోపల యంత్రాలు కొత్తవే. ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. కుర్రవాడు ఒక యంత్రం మీద వేలితో గీశాడు. దుమ్ములో గీత పడింది. "ప్రాక్టికల్స్ పరీక్షల ముందు చేయిస్తామండి" అన్నారు.

రెండవది ప్రభుత్వ ఐటిఐ. పాత రేకుల షెడ్డు. గోడలు పొగచూరి ఉన్నాయి. గది మూలన ఒక డ్రమ్ములో కాలగా మిగిలిన రాడ్ల ముక్కలు సగానికి పైగా ఉన్నాయి. పిల్లలు ఒక్కొక్క బూతులో నిలబడి పని చేస్తున్నారు. మాస్టారి మణికట్టు నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు. ఆయన కుర్రవాడికి నల్ల గ్లాసున్న షీల్డు ఇచ్చి చూపించారు. తరువాత తండ్రి చేతికి కూడా ఒకటి ఇచ్చి, "మీరూ చూడండి" అన్నారు.

"బయటకు మంటలా కనిపిస్తుంది గాని, లోపల కరిగిన లోహం చిన్న మడుగులా ఉంటుందండి. దాన్ని తెగకుండా, పొంగకుండా నడిపించుకు పోవడమే వెల్డింగు" అని మాస్టారు చెప్పారు.

తండ్రి చాలాసేపు చూశాడు. షీల్డు దించి, "మడిలోకి నీరు కట్టినట్టే ఉందండి" అన్నాడు. ఆ మాటతో ఆయన ముఖంలో బిగువు కొంత తగ్గింది.

పాఠకులైన తలిదండ్రులకు ఉపయోగపడునని మేము తెలుసుకున్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఐటిఐలలో వెల్డరు ట్రేడు ఒక సంవత్సరపు కోర్సు. దీనికి ఎనిమిదో తరగతి పాసైతే చాలు, వయస్సు 14 సంవత్సరాలు నిండాలి. ఫిట్టరు ట్రేడు రెండు సంవత్సరాలు, దానికి పది పాస్ కావాలి. మెకానికల్ డిప్లొమా మూడేళ్లు, దానికి పాలిసెట్ వ్రాయాలి. ఎనిమిదితో చేరవచ్చు గదా అని బిడ్డను పది మధ్యలో మాన్పించకండి. ఆ పది పాస్ విలువ ఎక్కడ తెలుస్తుందో కింద చెబుతాము. పది తప్పినవారు ఓపెన్ స్కూల్ ద్వారా పూర్తి చేయవచ్చు.

సంస్థను ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది గుర్తింపు. కోర్సు చివర అఖిల భారత ట్రేడ్ పరీక్ష వ్రాయించి, జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఇప్పించే సంస్థయేనా అని అడగండి. సంస్థ సొంతంగా అచ్చు వేయించుకున్న కాగితానికి కంపెనీల దగ్గర విలువ ఉండదు. ప్రతి ట్రేడుకూ గుర్తింపు విడిగా ఉంటుంది. ఎలక్ట్రీషియనుకు గుర్తింపు ఉన్న చోట వెల్డరుకు కూడా ఉందనుకోవద్దు.

రెండవది చేతికి దొరికే పని. 2022లో సవరించిన పాఠ్యప్రణాళిక ప్రకారం ఏడాది కోర్సుకు 1200 గంటలు. అందులో 840 గంటలు ప్రాక్టికల్. అంటే పదిలో ఏడు గంటలు పిల్లవాడు వర్క్‌షాపులో ఉండాలి. ఇవి గాక 150 గంటలు బయట పనిచేసే చోట శిక్షణ ఉంటుంది. కాగితం మీద ఇది అన్ని సంస్థలకూ ఒక్కటే. తేడా తెలియాలంటే ఆఫీసులో గాక, అక్కడ చదివే పిల్లలను అడగండి. రోజుకు ఒక్కొక్కరికి ఎన్ని రాడ్లు ఇస్తారు? యంత్రాలు ఎన్ని, పిల్లలు ఎందరు? కరెంటు పోతే ఏం చేస్తారు? పుస్తకం చదివి ఈత నేర్చినవాడు లేడు. రాడ్ కాల్చకుండా వెల్డరైనవాడూ లేడు.

మూడవది ఏమేమి నేర్పుతారన్నది. మామూలు ఆర్క్ వెల్డింగుతో పాటు గ్యాస్ వెల్డింగు, గ్యాస్ కటింగు, సీఓటూ వెల్డింగు, ఆర్గాన్ వెల్డింగు చేయిస్తారా అని అడగండి. అతుకు వేసే భంగిమలు కూడా ముఖ్యం. బల్ల మీద చదునుగా ఉంచి వేసేది అందరికీ వస్తుంది. దానిని 1జి అంటారు. గోడకు అడ్డంగా వేసేది 2జి, నిలువుగా వేసేది 3జి, తలపైన వేసేది 4జి. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, చుట్టూ అతికే పరీక్ష 6జి. పైపు పనికి మంచి జీతం ఇచ్చే చోట ఆ పరీక్షే పెడతారు. ఏడాదిలో 6జి రాదు. కనీసం నిలువు అతుకు చక్కగా వచ్చే వరకైనా బడి వదలకూడదు.

మాస్టారు మరొక మాట కూడా అన్నారు: "లెక్కలు రానివాడిని నా దగ్గరకు తోస్తారండి. డ్రాయింగు చదవలేనివాడు ఎప్పటికీ హెల్పరే." 3.15 మిల్లీమీటర్ల రాడ్‌కు సుమారు 90 నుండి 130 ఆంపియర్ల కరెంటు పెడతారట. తక్కువైతే రాడ్ అంటుకుపోతుంది, ఎక్కువైతే పలకకు చిల్లు పడుతుంది. కోణం, కొలత, లోహం మందం, కరెంటు, అన్నీ లెక్కే. ఇది బుద్ధిలేనివాడి పని ఎలా అవుతుంది?

నాలుగవది భద్రత. ఇక్కడ మొహమాటపడకుండా అడగాలి. ఆర్క్ వెలుగులో అతినీల లోహిత కిరణాలు ఉంటాయి. ఉత్త కళ్లతో చూసినవాడికి అప్పుడేమీ తెలియదు. కొన్ని గంటల తరువాత, అర్ధరాత్రివేళ, కళ్లలో ఇసుక పోసినట్లు మంట పుడుతుంది. జింకు పూత ఉన్న రేకులు అతికితే వచ్చే పొగ వలన చలి జ్వరం వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో సమీక్షించి, వెల్డింగు పొగను మనుష్యులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. అందువలన గాలి ధారాళంగా ఆడే షెడ్డు, పొగ లాగే ఏర్పాటు, సరైన నంబరు నల్ల గ్లాసు, తోలు చేతితొడుగులు, బూట్లు, పొడి బట్టలు తప్పనిసరి. ఆక్సిజన్ సిలిండరు వాల్వుకు నూనె, గ్రీజు తగలనివ్వకూడదు. ఎసిటిలిన్ సిలిండరును పడుకోబెట్టి వాడకూడదు. నూనె, పెట్రోలు ఉండిన పాత డ్రమ్మును శుభ్రం చేయకుండా కోస్తే అది పేలుతుంది. ఈ సంగతులు మొదటి వారంలోనే నేర్పే మాస్టారు ఉన్న బడి మంచి బడి.

ఐదవది తరువాతి అడుగు. కోర్సు కాగానే పెద్ద జీతం రాదు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం కంపెనీల్లో అప్రెంటిస్‌గా చేరి, స్టైపెండు తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. క్రిందటి బ్యాచి పిల్లలు ఎక్కడ అప్రెంటిస్ చేశారో సంస్థవారిని అడగండి. వెంటనే ఇద్దరి పేర్లు చెప్పి ఫోను నంబర్లు ఇవ్వగలిగితే నమ్మవచ్చు.

గల్ఫు సంగతి కూడా చెప్పాలి. మన పల్లెల్లో వెల్డింగు అనగానే చాలామందికి గల్ఫే గుర్తుకు వస్తుంది. పది పాసైనవారి పాస్‌పోర్టుకు వలస తనిఖీ షరతు ఉండదు. పది లేనివారు గల్ఫు దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఎవరు వెళ్లినా, 1983 ఎమిగ్రేషన్ చట్టం క్రింద లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్లాలి. ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ. లక్షలు అడిగేవాడు, విజిట్ వీసా మీద పంపుతాననేవాడు మీ ఇంటికి మేలు చేసేవాడు కాడు. పని పూర్తిగా చేతికి రాకముందు బిడ్డను పంపకండి. అప్పు చేసి అసలే పంపకండి.

ఇక ఆ కుటుంబము ఏం చేసిందని మీరు అడుగుతారు. తిరుగు బస్సులో తండ్రి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక మా వైపు తిరిగి, "ఇంజనీరు తండ్రి అనిపించుకోవాలని ఉండేదండి" అన్నాడు. మేము జవాబు చెప్పలేదు. ఆ కోరికలో తప్పు లేదు. తరతరాలుగా తల వంచి పని చేసినవాడు, తన బిడ్డ తల ఎత్తుకు తిరగాలని కోరుకోవడం న్యాయమే. మేము చెప్పగలిగింది ఒక్కటే. లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు, గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలన్నాడు. ఇంజనీరింగు కోసం చేసే అప్పు ఎంత, ఆ చదువు మీద పిల్లవాడి మనసు ఎంత, రెండూ లెక్క చూసుకోమన్నాము. నిర్ణయం ఆయననే చేయమన్నాము. ఒకసారి మా సంతకంతో ఒక బిడ్డ జీవితం తప్పుదారి పట్టింది గనుక, ఈసారి మా మాటను వారి నెత్తిన పెట్టలేదు.

మూడు రోజులకు వారు ముగ్గురూ వచ్చారు. అప్పుడు తల్లి మొదటిసారి నోరు తెరిచి, "వాడికి ఇష్టమైందే చేయనిద్దామనుకున్నామండి. కళ్లు జాగ్రత్త అని మీరు ఒక మాట చెప్పండయ్యగారూ" అన్నది. కుర్రవాడు ఆ ప్రభుత్వ ఐటిఐకే దరఖాస్తు చేశాడు. సీటు వచ్చింది. మా స్త్రీల సమాజమువారు చందా వేసుకొని వానికి బూట్లు, తోలు చేతితొడుగులు కొనిచ్చారు. తండ్రి మనసు పూర్తిగా కుదుటపడిందని మేము చెప్పము. ఇంటర్‌లో చేరిన పక్కింటి పిల్లవాణ్ణి చూసినప్పుడల్లా ఆయన ముఖం కొద్దిగా వాడుతుంది. ఆయన కొరకు ప్రార్థిస్తున్నాము. మీరును ప్రార్థించండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. ప్రతి ఏటా పదో తరగతి పరీక్షలు కాగానే ఒక ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట కేటాయించండి. మీ సంఘములో పుట్టి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా పని చేస్తున్న వారిని పిలిచి, యౌవనస్థులతో మాట్లాడించండి. ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టండి. వారికి ఈ ట్రేడు మూసి లేదు. డిగ్రీ వచ్చినవారికి సంఘములో శాలువా కప్పుతున్నాము. పని నేర్చుకొని పరీక్షలో నెగ్గినవానికి కూడా కప్పుదాము. వడ్రంగి అని పిలువబడిన ప్రభువును, డేరాలు కుట్టిన పౌలును ప్రకటించే మనకు అది పెద్ద సంగతి కాకూడదు.

తలిదండ్రులారా, బిడ్డను కొలిమి దగ్గరకు పంపే ముందు మీరు ఒకసారి ఆ కొలిమి చూసి రండి. నిప్పు ఉన్నదో లేదో చూడండి. నేర్పేవాని చేతులు చూడండి. మూలనున్న డ్రమ్ములోకి తొంగిచూసి రాడ్ల ముక్కలు లెక్కపెట్టండి. ఆ తరువాత మోకరించి ప్రార్థన చేసి పంపండి. మన బిడ్డల చేతిపనిని ప్రభువు స్థిరపరచును గాక. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సంఘ కాపరి